పుస్తకం ఏర్పడదన్న డబుల్ బాండ్

ఎంసెట్ కోసం కెమిస్ట్రీ బట్టీ కొట్టినవాళ్ళకి ఈ ముక్క గుర్తుండే ఉంటుంది: కార్బన్ తనలో తను డబుల్ బాండ్ చేసుకుంటుంది, దాని కిందున్న సిలికాన్ చేసుకోలేదు. నైట్రోజన్ చేసుకుంటుంది, ఫాస్ఫరస్ చేసుకోలేదు. కారణం, పరమాణువు పెద్దది కాబట్టి ఆర్బిటాళ్ళు పక్కపక్కగా సరిగ్గా కలవవు. బిట్ వస్తే టిక్కు పెట్టేసి ముందుకెళ్ళిపోయేవాళ్ళం.

నా బాధల్లా ఏంటంటే, మేం ఇది బట్టీ కొట్టేనాటికే ఆ "చేసుకోలేదు" తప్పని తేలి ముప్ఫయ్యేళ్ళు దాటింది. 1981లో విస్కాన్సిన్‌లో రాబర్ట్ వెస్ట్ బృందం సిలికాన్-సిలికాన్ డబుల్ బాండ్ ఉన్న పదార్థాన్ని తయారుచేసి, గాలి తగలకుండా నిలవ ఉంచి మరీ చూపించింది. అదే ఏడాది జపాన్‌లో యోషిఫుజి వాళ్ళు ఫాస్ఫరస్‌తో చేశారు.

మరి అంతకుముందు ఎందుకు దొరకలేదు? అసలు మజా ఇక్కడే ఉంది. బాండ్ ఏర్పడకపోవడం వేరు, ఏర్పడ్డాక బతకకపోవడం వేరు. ఇలాంటి అణువులు రెండు ఎదురుపడితే చాలు, డబుల్ బాండ్ వదిలేసి సింగిల్ బాండ్లతో ఒకదానికొకటి అల్లుకుపోతాయి. అందుకని వెస్ట్ వాళ్ళు ఒక్కో సిలికాన్‌కి రెండేసి మెసిటైల్ గ్రూపులు తగిలించారు. మూడు మిథైళ్ళున్న బెంజీన్ రింగన్నమాట. ఈ లావుపాటి గ్రూపులు నాలుగూ చుట్టూ కాపలా కాసి పక్క అణువుని దగ్గరికి రానివ్వవు. యోషిఫుజి ఇంకా లావువి వాడారు. మన భాషలో చెప్పాలంటే, లోపలి కోడ్‌ని పెద్దగా ముట్టుకోకుండా బయట ఫైర్‌వాల్ పెట్టారు.

పుస్తకం మొత్తం అబద్ధం అనను. కలయిక బలహీనమన్నది నిజమే. 2004లో సెకిగుచి బృందం సిలికాన్ ట్రిపుల్ బాండ్ సాధిస్తే అది ఎసిటిలీన్‌లా తిన్నగా లేదు, వంగి ఉంది. 2000లో ఫిలిప్ పవర్ వాళ్ళు చేసిన సీసం జంటలో వంపు దాదాపు లంబకోణం. దాన్ని ట్రిపుల్ బాండ్ అంటే మొహమాటానికి అనాలి. కానీ "బలహీనం" అని రాయాల్సిన చోట "ఏర్పడవు" అని రాస్తే, ఆ వాక్యం చదివిన పిల్లాడికి ప్రయత్నించాలన్న ఆలోచనే ఎలా వస్తుంది?

పైగా ఆ బలహీనతే పనికొచ్చింది. 2005లో పవర్ బృందమే ఇలాంటి జెర్మేనియం జంట మీదకి హైడ్రోజన్ పంపితే, గది ఉష్ణోగ్రతలో, మామూలు పీడనంలోనే హైడ్రోజన్ బాండ్ తెగింది. అప్పటిదాకా ఆ పని పలాడియం, ప్లాటినం లాంటి లోహాల సొత్తనుకునేవాళ్ళు. జెర్మేనియమూ చవకేం కాదు లెండి. అదీకాక ఈ చర్యలో అది ఉత్ప్రేరకంలా తిరిగి రాదు, తనే ఖర్చయిపోతుంది.