జిల్లా మార్కుల పట్టికలో మాతృభాష ఏదీ?

పిల్లలకు పరీక్ష పెట్టినట్లే జిల్లాలకును పరీక్ష పెట్టి మార్కులు వేయు కాలము వచ్చినది. ఇది మంచిదే. ప్రజల ధనముతో నడచు బడి ప్రజలకు లెక్క చెప్పవలసినదే. అయితే ఆ లెక్కలో మన బిడ్డల భాష ఎక్కడ నున్నదని అడుగు హక్కు మనకు కలదు.

కేంద్ర విద్యాశాఖ 2022లో మొదటిసారి ప్రకటించిన జిల్లాల పనితీరు సూచికకు మొత్తము 600 మార్కులు. అందు 83 అంశములు, ఆరు శీర్షికలు. విద్యా ఫలితములకు 290, తరగతి బోధనకు 90, పరిపాలనకు 84, వసతులకు 51, డిజిటల్ విద్యకు 50, పిల్లల భద్రతకు 35. ఈ ఆరింటిలో మాతృభాషా బోధన అను శీర్షిక లేదు. జిల్లా ‘దక్ష్’ అను అగ్రశ్రేణి నందుకొనవచ్చును. ఆ జిల్లాలోనే తెలుగు పిల్లలున్న బడికి తెలుగు పంతులు లేకపోవచ్చును. ఈ రెండును ఏకకాలమున సాధ్యమగుటయే ఈ కొలతలోని లోపము.

హోసూరు, డెంకణికోట, వేపనపల్లి ప్రాంతములను చూడుడు. 1965 వరకు అవి సేలం జిల్లాలోనివి. అటుపై ధర్మపురి జిల్లాలోనివి. 2004 నుండి కృష్ణగిరి జిల్లాలోనివి. జిల్లా పేరు మారినది గాని తెలుగు ఇండ్లలోని మాట మారలేదు. అట్టి ఇంటి బిడ్డ తమిళ మాధ్యమ తరగతిలో కూర్చున్నదనుకొనుడు. 2021 నవంబరు 12న జరిగిన జాతీయ సర్వేలోను, 2024 డిసెంబరు 4న జరిగిన పరఖ్ సర్వేలోను మూడవ తరగతి పిల్లలకు భాషయు గణితమును పరీక్షించిరి. పరీక్ష బడి మాధ్యమములో నుండును. బిడ్డకు లెక్క తెలియకపోయెనా, లెక్క నడిగిన మాట తెలియకపోయెనా? మార్కు ఈ భేదము నెరుగదు. తక్కువ మార్కు వచ్చిన నింద బిడ్డపై పడును, లేదా పంతులుపై పడును. మాతృభాషలో చెప్పు ఏర్పాటు చేయనివారిపై మాత్రము పడదు.

ఇది మనము క్రొత్తగా కోరుచున్న వరము కాదు. తరగతిలో పదిమంది గాని, బడి మొత్తములో నలువదిమంది గాని అల్పసంఖ్యాక భాషా విద్యార్థులున్నచో ఆ భాషలో చెప్పు ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949లోనే విద్యామంత్రుల సమావేశము నిర్ణయించినది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప యత్నించుట రాష్ట్రముల బాధ్యతయని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. సాధ్యమైనంతవరకు బోధన మాతృభాషలో నుండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము 29వ సెక్షను పలుకుచున్నది. ఇన్ని వాక్యములుండియు, వాని అమలును కొలుచు గడి ఒక్కటి లేనిచో ఆ వాక్యములు గోడమీది పటములే యగును.

లెక్క తీయుట కష్టమందురా? ఆ సాకు చెల్లదు. యూడైస్ ప్లస్ వివరములలో విద్యార్థి మాతృభాషకు ఒక గడి, బోధనా మాధ్యమమునకు వేరొక గడి ఇప్పటికే ఉన్నవి. ఆ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిన చాలును, ఏ బడిలో పదిమంది ఉన్నారో, ఏ బడిలో నలువదిమంది ఉన్నారో తేలిపోవును. వివరము సేకరించి పెట్టెలో పెట్టి తాళము వేయుట జవాబుదారీతనము కాదు.

మరొక ఆక్షేపణ కలదు: తమిళనాట నుండువారు తమిళము నేర్వవలదా యని. నేర్వవలెను, మనము తరతరములుగా నేర్చినవారమే. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తమిళమును మొదటి భాగముగా తప్పనిసరి చేసి, ఇతర మాతృభాషలను నాలుగవ భాగమున ఐచ్ఛికముగా నుంచినది. మన ఫిర్యాదు తమిళముపై కాదు. ఐచ్ఛికమనగా అడుగువారు లేనిదని అర్థము చేసికొను అలవాటుపైననే. తన మాట నిలిచిన బిడ్డకు పొరుగు మాట బరువు కాదు.

ఇక మన తప్పును మనము దాచుకొనరాదు. బడిలో బిడ్డను చేర్చునాడు మాతృభాష గడిలో ఏమి వ్రాసిరో చూచుకొన్నవారు మనలో ఎందరు? గుమాస్తా వ్రాసినదే వ్రాత యని సంతకము చేసి వచ్చితిమి. పదిమంది తెలుగు పిల్లలున్న తరగతి కాగితముపై ఇద్దరే యున్నట్లు కనబడినచో ఉపాధ్యాయుడు రాలేదని ఎవరిని నిందింతుము? ఇంగ్లీషు బడి వ్యామోహమున తెలుగు తరగతిని ఖాళీ చేసి, పిమ్మట అది మూతబడినదని విలపించుటయు న్యాయము కాదు.

కావున మన కోరికలు నాలుగు. ప్రతి జిల్లా విద్యా వివరణములో తెలుగు పిల్లల సంఖ్య, మంజూరైన తెలుగు ఉపాధ్యాయుల సంఖ్య, భర్తీయైన పోస్టుల సంఖ్య, తెలుగు పాఠ్యపుస్తకములు బడికి చేరిన తేది బడివారీగా ప్రకటింపవలెను. వీనికి సూచికలో మార్కు లుండవలెను.

మన వంతు కర్తవ్యము రెండు. ఈ వారమే బడికి పోయి ఆ గడిని చూచి, తప్పున్న దిద్దింపుడు. విద్యాహక్కు చట్టము క్రింద ఏర్పడు బడి నిర్వహణ సమితిలో మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెను. బడి అభివృద్ధి ప్రణాళికను వ్రాయునది ఆ సమితియే. ఆ సమావేశమునకు పోయి తెలుగు ఉపాధ్యాయుని కోరికను ప్రణాళికలో వ్రాయింపుడు. నోటిమాటగా వచ్చిన కోరిక గాలికి పోవును. ప్రణాళికలో వ్రాసినదానికి ప్రభుత్వము జవాబు చెప్పవలసియుండును.