ఏ పొడి కొనమంటారు?

బెంగుళూరు నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఈ నెల నా ముందున్నది. పొడవైన ఉత్తరమే గాని ముఖ్యమైన సంగతి ఇది. 2020లో కరోనా వచ్చిన నాటినుండి వారి ఇంట "రోగనిరోధక శక్తిని పెంచే" పొడి డబ్బాలు నెలనెలా కొనడం అలవాటైపోయింది. నెలకు తొమ్మిది వందల రూపాయలవుతున్నది. పిల్లలిద్దరికీ పాలలో కలిపి ఇస్తారట. భర్తకూ, మామగారికీ కూడ ఇస్తారట. అయినా పిల్లలకు జలుబులు మానలేదు. "ఇంతకంటె మంచి పొడి ఏదైనా ఉంటే పేరు వ్రాయండి" అని అడిగారు. ఉత్తరం చివర మరో మాట చేర్చారు: "నాకేమీ అక్కరలేదు లెండి. అందరూ తిన్నాక ఉన్నదేదో తింటాను. ఈ మధ్య మెట్లెక్కితే కాస్త ఆయాసంగా ఉంటున్నది, కళ్ళు తిరుగుతున్నవి, అంతే."

ఉత్తరమంతటిలో నన్ను పట్టి ఆపినది ఆ చివరి మాటే. దాని దగ్గరకు తరువాత వస్తాను. ముందు పొడి సంగతి చూద్దాం.

సోదరీ, మీకు నేను ఏ పొడి పేరూ వ్రాయబోవడం లేదు. బడికి వెళ్ళే పసివాళ్ళకు ఏటికి ఆరో ఎనిమిదో జలుబులు రావడం వింత కాదు. నలుగురు పిల్లలు ఒకచోట చేరితే జలుబు ఒకరినుండి ఒకరికి పాకుతుంది. జలుబు తగ్గి, మళ్ళీ ఆడుకొంటూ, బరువు పెరుగుతూ ఉన్నంతవరకు ఆ పిల్లల నిరోధక శక్తి తన పని తాను చేస్తున్నట్టే. మాటిమాటికీ న్యుమోనియా రావడం, చెవిలో చీము కారడం, బరువు తగ్గిపోవడం ఉంటే మాత్రం అది పొడితో పోయేది కాదు, డాక్టరుకు చూపించవలసినదే. సి విటమిను మాత్రలను గురించి కూడ ఎన్నో దేశాలలో పరీక్షలు జరిగాయి. రోజూ మ్రింగినా మామూలు మనుషులకు జలుబు రాకుండ ఆగదు. వచ్చిన జలుబు ఒక పూట ముందుగా తగ్గవచ్చు, అంతే.

అట్లయితే తిండికీ నిరోధక శక్తికీ సంబంధమే లేదా అంటే, చాల ఉన్నది. అయితే ఆ సంబంధం డబ్బా మీద వ్రాసినట్లు "పెంచడం" కాదు. కావలసినది అందకపోతే ఆ శక్తి తగ్గిపోతుంది. తగ్గకుండ చూచుకోవడమే మనం వంటింట్లో చేయగల పని.

మన రక్తంలోని తెల్లకణాలు మన కాపలాదారులు. వాటిలో ఎక్కువ భాగం కొన్ని గంటలో, కొన్ని రోజులో మాత్రమే బ్రతుకుతవి. ఎముకల లోపలి మూలుగలో నిత్యం కొత్తవి తయారవుతూ ఉండాలి. వాటికి ముడిసరుకు మనం తినే తిండిలోని మాంసకృత్తులు, ఇనుము, జింకు, ఫోలిక్ ఆమ్లం, ఎ విటమిను మొదలైనవి. రోగాన్ని గుర్తుపట్టి పట్టుకొనే ప్రతిరక్షకాలు కూడ మాంసకృత్తులతో తయారైనవే. పండుగనాడు పది రకాలు చేసికొని తిని, మిగిలిన నెలంతా చారన్నంతో సరిపెట్టుకొంటే ఈ కార్ఖానా నడవదు.

ఫోలిక్ ఆమ్లం అన్నాను గనుక ఇక్కడ ఒక కథ చెప్పక ఉండలేను. అందులో మన తెలుగువాడి పాలు ఉన్నది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. నూలు మిల్లులలో పనిచేసే గర్భిణీ స్త్రీలకు రక్తం క్షీణించి ప్రాణాల మీదికి వస్తుంటే, కారణమేమిటో కనుక్కోవడానికి వచ్చింది. ఆ మిల్లులలో మన నేతపనివారు కూడ ఎందరో ఉండేవారు. సూక్ష్మజీవుల కోసం వెదికి, అది అంటురోగం కాదని తేల్చి, ఆమె వారి వంటింటి వైపు చూచింది. తిండిలో ఏదో తక్కువైనదని ఊహించి, చౌకగా దొరికే ఈస్టు సారం తినిపిస్తే స్త్రీలు కోలుకొన్నారు. 1931లో ఆ సంగతి ప్రకటించింది. ఆ తక్కువైన పదార్థాన్ని 1941లో అమెరికాలో పాలకూర ఆకుల నుండి వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. దానిని ప్రయోగశాలలో తయారుచేసి 1945లో లోకానికి ప్రకటించిన లెడర్లీ కంపెనీ పరిశోధక బృందానికి నాయకుడు, భీమవరంలో పుట్టి మద్రాసులో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన సోదరులు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. ఆ జబ్బుకే ఈ ఫోలిక్ ఆమ్లం మందుగా పనికివచ్చింది.

ఇంత కథ గల వస్తువు మనకు తోటకూర కట్టలోనూ, పాలకూరలోనూ, పెసలలోనూ, శనగలలోనూ దొరుకుతున్నది. ఆకుకూరను తరిగిన తరువాత కడిగి, ఎసరు పోసి ఉడికించి, ఆ నీళ్ళు పారబోస్తే మాత్రం అది తూములోకి పోతుంది. ముందు కడిగి, తరువాత తరిగి, మూతపెట్టి తక్కువ నీళ్ళతో మగ్గనివ్వండి. ఒక చెంచా నూనె పోపు తప్పక పెట్టండి. ఆకులలోని ఎ విటమినుకు మూలమైన పసుపుపచ్చ పదార్థం నూనె తోడుంటేనే బాగా ఒంటబడుతుంది.

ఆకుకూరలలో నా ఓటు మునగాకుకు. అరవ సీమలో మురుంగకీరై అనీ, కన్నడంలో నుగ్గె సొప్పు అనీ, ఒరియాలో సజనా శాగ అనీ అడిగితే బజారులో ఇస్తారు. పెరడున్నవారు కొమ్మ నాటుకొంటే ఆ ఖర్చు కూడ లేదు. మన ఇళ్ళలో కాయలు కోసికొని ఆకును మేకలకు వదిలివేస్తున్నాం. ఇందులో మేకలే తెలివైనవి. పెసరపప్పుతో కలిపి పొడికూర చేస్తే చేదు తెలియదు.

ఇక సి విటమిను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు స్త్రీకి రోజుకు 65 మిల్లీగ్రాములు, పురుషునికి 80 మిల్లీగ్రాములు కావాలని 2020లో నిర్ణయించారు. (నీలగిరివైపు ఉన్న పాఠకులకు తెలిసే ఉంటుంది, ఆ సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది.) నూరు గ్రాముల జామపండులో సుమారు 200 మిల్లీగ్రాములుంటుంది. అంటే సగం కాయతో ఆ రోజు పని తీరిపోతుంది. ఉసిరికాయ జామకు తీసిపోదు. కార్తికమాసంలో ఉసిరిచెట్టు క్రింద వనభోజనం చేసి, ఆ కాయను మాత్రం నోట పెట్టకుండ ఇంటికి వచ్చేవారిని చూశాను. కాయ వగరని పిల్లలు తినకపోతే తురిమి పెరుగుపచ్చడి చేయండి. ఊరవేసిన ఉసిరిలో విటమిను కొంత నశించినా కొంత మిగులుతుంది. రక్తపు పోటు ఉన్నవారు ఉప్పు సంగతి చూచుకోవాలి. చింతపండూ పులుపే గదా అంటారేమో. పులుపు ఉన్నదిగాని, అందులో సి విటమిను దాదాపు లేదు. కాబట్టి పప్పులో చింతపండు వేసినా, దించిన తరువాత ఒక నిమ్మచెక్క పిండుకోండి. ఆకుకూరలలో, పప్పులలో ఉన్న ఇనుము ఒంటబట్టడానికి ఆ నిమ్మరసం తోడ్పడుతుంది.

దానికి అడ్డుపడేది మన ముద్దుల కాఫీ. దక్షిణాదిన స్థిరపడిన మనకు భోజనం కాగానే గ్లాసులో పొగలుగక్కే కాఫీ ఉండాలి. కాఫీ, టీలలోని వగరు పదార్థాలు ఇనుమును పట్టి ఉంచి ఒంటబట్టనివ్వవు. భోజనానికి గంట ముందూ, గంట తరువాతా అవి వద్దని పై సంస్థవారే 2024లో చెప్పారు. మానమనడం లేదు, గంట ఆగమంటున్నాను.

ధాన్యాలలోనూ, పప్పులలోనూ జింకు, ఇనుము ఉన్నా, వాటిని బిగించి ఉంచే ఫైటేటు అనే పదార్థం కూడ ఉంటుంది. నానబెట్టినా, మొలకెత్తించినా, పులియబెట్టినా ఆ బిగువు సడలుతుంది. మన పూర్వులు పేరు తెలియకపోయినా పని తెలిసినవారు. ఇడ్లీపిండి రాత్రంతా పులియడం, రాగులు మొలకెత్తించి ఎండబెట్టి జావకు విసరుకోవడం, పెసలు మూటకట్టి మొలకలు తెప్పించడం అన్నీ ఆ పనే చేస్తవి. షోలాపూరు సోదరీమణుల జొన్నరొట్టె, వేరుశనగ పొడి మంచి జోడి. ఒక ఆకుకూర, ఒక నిమ్మచెక్క చేరితే వారి పళ్ళెంలో వంక పెట్టడానికేమీ ఉండదు.

చద్దన్నాన్ని గూర్చి బరంపురం నుండి ఇదివరకే ఇద్దరు అడిగారు. అక్కడి ఒరియావారు పఖాళ అంటారు, ఏటా మార్చి 20న దానికొక దినం కూడ జరుపుకొంటున్నారు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచితే మేలుచేసే సూక్ష్మజీవులు పెరిగి కాస్త పులుస్తుంది. పేగులకు మంచిదే. ఎండాకాలంలో హాయి. అయితే నీళ్ళు కాచి చల్లార్చినవి కావాలి, పాత్ర శుభ్రంగా ఉండాలి. పైగా చద్దన్నమెంత మంచిదైనా అది అన్నమే. ప్రక్కన పెరుగో, వేయించిన చేపో, పప్పో లేకపోతే పొట్ట నిండుతుంది గాని పైన చెప్పిన కార్ఖానాకు సరుకు అందదు.

పసుపు, కషాయాల మాట. పసుపులోని గుణమున్న పదార్థం ఒంటబట్టడం కష్టమనీ, మిరియంలోని పదార్థం దానికి బాగా తోడ్పడుతుందనీ 1998లో బెంగుళూరు పరిశోధకులే చూపించారు. కాని వారు వాడినది పసుపు నుండి తీసిన సారం. వంట పసుపులో అది నూటికి మూడు పాళ్ళ వరకే ఉంటుంది. పాలలో చిటికెడు పసుపు, మిరియాల పొడి వేసికొంటే గొంతుకు హాయి, నిద్రకు సుఖం. అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. మిలమిల మెరిసే పచ్చరంగు పసుపును చూచి మోసపోవద్దు, రంగు కోసం సీసం గల రసాయనాలు కలిపేవారున్నారు. కొమ్ములు కొని దంచుకోవడం మేలు. తిప్పతీగ కషాయం విషయంలో మరీ జాగ్రత్త. దానిని నిరోధక శక్తి కోసం తాగిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని ముంబయి వైద్యులు 2021లో ప్రకటించారు. ఆయుష్ శాఖవారు ఆ మాట ఒప్పుకోలేదు. వాదం వారిది, కాలేయం మనది. వైద్యుడు చెప్పనిదే రోజూ తాగవద్దు.

ఇప్పుడు ఆ చివరి మాట. చెల్లెలా, "నాకేమీ అక్కరలేదు" అన్నారు. మీ ఇంట్లో అందరికంటె ముందుగా అక్కరగలవారు మీరే. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు తిరగడం దాని గుర్తులు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఈ వారంలోనే రక్తపరీక్ష చేయించుకోండి. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు. అప్పుడు డాక్టరిచ్చిన ఇనుము మాత్రలు వాడవలసిందే, తోటకూర ఒక్కటే చాలదు.

పప్పులో ముద్ద అడుగంటి నీళ్ళు మిగిలినప్పుడు, కూరలో గ్రుడ్లు అయిపోయి పులుసు మిగిలినప్పుడు మీరు వడ్డించుకొంటున్నారు. గిన్నెలో మిగిలినది తినే మనిషికి మిగిలేది బియ్యమే. మీ అత్తవారింటి పద్ధతిని ఒక్కరోజులో మార్చమనను. వండి దించగానే మీ వంతు పప్పు, కూర ఒక గిన్నెలో వేరుగా తీసి మూతపెట్టండి. ఎవరైనా అడిగితే ఇట్లా చేయమని నేను చెప్పానని చెప్పండి. ఆ తొమ్మిది వందలు కూడ ఉన్నవి గదా, రోజుకు 30 రూపాయలు. ఒక గ్రుడ్డు, ఒక జామకాయ, గుప్పెడు వేరుశనగ వస్తవి. గ్రుడ్డు తినని ఇల్లయితే గ్లాసు పాలు, ఒక గిన్నె ఉడికించిన శనగలు. మొదటి నెల అవి మీకే కొనండి. ఎదిగే ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఆ పిల్లకూ ఇదే మాట వర్తిస్తుంది. అన్నదమ్ములకు గ్రుడ్డు, ఆమెకు పులుసు అనే లెక్క మన ఇళ్ళలో ఇంకా పూర్తిగా పోలేదు.

పిల్లల టీకాలు వేళకు వేయించారో లేదో కార్డు తీసి చూడండి. తిండి చేయలేని పని అవి చేస్తవి.

మరి రెండు ఉత్తరాలకు పొడి జవాబులు. యానాం సోదరికి: పెద్ద చేప కొనలేకపోతే చింత లేదు. ముళ్ళతో నమిలి తినగలిగే నెత్తళ్ళు వంటి చిన్న చేపలలో మాంసకృత్తులతోబాటు సున్నపు ధాతువు కూడ దొరుకుతుంది. ఎండుచేపలైతే నానబెట్టి ఉప్పు పోగొట్టి వండండి. హోసూరు సోదరికి: ఏడాది నిండని మనుమడికి తేనె నాకించవద్దు, పెద్దలెవరు చెప్పినా సరే. అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి పసివాళ్ళ పేగులలో విషం పుట్టించవచ్చు. ఏడాది దాటాక ఇవ్వవచ్చు.