పేరు కాదు, పూర్తి నంబరు అడుగుదాం

"అన్నా, తక్కువ డబ్బులో గేమింగ్ కంప్యూటర్ అసెంబుల్ చేయించుకోవాలి. ఏ ప్రాసెసర్ తీసుకోమంటావు?"

హాస్టల్‌కు వచ్చిన ప్రతిసారీ తమ్ముళ్లు మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు ఈ వార్షికోత్సవ సంచికలో అందరికీ ఒకేసారి చెబుదామని మా గది మిత్రులం నలుగురం అనుకున్నాం.

ముందుగా పెద్దలకు ఒక మాట. "సంక్షేమ హాస్టల్ పిల్లలకు గేమింగ్ కంప్యూటర్ ఎందుకు? చదువుకోక!" అని కొందరు అంటున్నారు. సాయంత్రం గ్రౌండులో వాలీబాల్ ఆడితే తప్పు లేనప్పుడు, రాత్రి చదువు అయ్యాక ఒక గంట తెర మీద ఆడితే తప్పెలా అవుతుంది? పైగా ఆ కంప్యూటర్ మీదే ప్రాజెక్టు రిపోర్టు టైపు చేస్తాం, ప్రోగ్రామింగ్ నేర్చుకుంటాం, వీడియో ఎడిటింగ్ చేస్తాం. ఆట పాపం కాదు. కష్టపడి కూడబెట్టిన డబ్బును తెలియక పారబోసుకోవడమే పాపం. ఆ పాపం మేం చేశాం కాబట్టే ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాం.

2023లో మేం డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాం. స్కాలర్‌షిప్‌లో మిగిలింది కొంత, పెళ్లిళ్లలో కేటరింగ్ పనికి పోయి తెచ్చుకుంది కొంత, అంతా కలిపి 14 వేలు జమ చేశాం. నగరంలో ఒక దుకాణంలో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ చూపించి, "ఇది ఐ7, ఇంతకంటే పెద్దది లేదు" అన్నారు. ఐ7 అన్న ఒక్క మాటకే మేం పొంగిపోయాం. గదికి తెచ్చాక చూస్తే అది ఐ7-2600, అంటే 2011లో వచ్చిన ప్రాసెసర్! మేం ఆడాలనుకున్న ఆట ఆగి ఆగి కదిలింది. విండోస్ 11 వేద్దామంటే, ఇంటెల్‌లో దాదాపు 8వ తరం నుండి వచ్చిన ప్రాసెసర్లకే మైక్రోసాఫ్ట్ ఆమోదం ఉంది. విండోస్ 10కు చూస్తే 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ముగిసింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఇదే కదా!

ఆ దుకాణదారు అబద్ధం చెప్పలేదు. అది నిజంగా ఐ7నే. ఏం అడగాలో మాకు తెలియలేదు, అంతే. మా నలుగురి ఇళ్లలో అంతకు ముందు కంప్యూటర్ కొన్నవాళ్లు లేరు, "పూర్తి నంబరు అడగరా" అని చెప్పేవాళ్లూ లేరు. మనలాంటివాళ్లు మోసపోయేది తెలివి లేక కాదు, ముందు నడిచినవాళ్లు లేక. ఇప్పుడు హాస్టల్‌లో మేం ముందు నడిచాం కాబట్టి చెప్పడం మా బాధ్యత.

ఐ3, ఐ5, ఐ7 అనేవి వీధి పేర్ల వంటివి. ఇంటి నంబరు ఆ తర్వాత ఉంటుంది. ఐ7-2600లో మొదటి అంకె 2, అంటే 2వ తరం. ఐ3-12100లో మొదటి రెండంకెలు 12, అంటే 12వ తరం. రెండింటిలోనూ 4 కోర్లు, 8 థ్రెడ్లే. కానీ 2022లో వచ్చిన ఈ "చిన్న" ఐ3 ముందు ఆ "పెద్ద" ఐ7 వేగంలో నిలబడలేదు.

ఇంకా తేలిగ్గా చెప్పాలంటే మన మెస్‌ను తీసుకోండి. కోర్ అంటే వంటమనిషి. ఒక్కో వంటమనిషి రెండు పొయ్యిలు చూసుకోవడమే థ్రెడ్. ఎందరు వంటవాళ్లున్నారన్నదే కాదు, చేయి ఎంత వేగమన్నదీ ముఖ్యం. ఇక తెర మీద బొమ్మను వడ్డించేది గ్రాఫిక్స్. వడ్డించేవాడు ఒక్కడే ఉంటే పదిమంది వంటవాళ్లను పెట్టినా లైను కదలదు. అందుకే గేమింగ్ కోసం డబ్బంతా ప్రాసెసర్ మీదే పెట్టడం తప్పని మా అభిప్రాయం.

నంబరు చివర ఉండే అక్షరం కూడా చదవాలి. ఐ3-12100ఎఫ్‌లో ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టకపోతే తెర మీద ఏమీ రాదు. ధర తగ్గిందని దాన్ని కొని, కార్డుకు డబ్బు లేక నెలల తరబడి డబ్బాను చూస్తూ కూర్చున్న తమ్ముడు మనలోనే ఒకడున్నాడు.

మరి ఏది కొనాలి? కార్డుకు ఇప్పుడే డబ్బు లేనివారు 2021లో వచ్చిన ఏఎండీ రైజెన్ 5 5600జీ వంటిది తీసుకోవాలని మా సలహా. 6 కోర్లు, 12 థ్రెడ్లు, లోపలే గ్రాఫిక్స్. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటివి సెట్టింగులు తగ్గించుకుని ఆడుకోవచ్చు. కొత్తగా వచ్చే భారీ ఆటలు మాత్రం దీని మీద ఆశించవద్దు. ఒక జాగ్రత్త: ఈ గ్రాఫిక్స్ వాడుకునేది మామూలు మెమరీనే. కాబట్టి 16 జీబీ స్టిక్ ఒకటి కాకుండా 8 జీబీవి రెండు వేయించండి, తేడా ఆటలోనే కనిపిస్తుంది. కార్డుకు కూడా డబ్బున్నవారు ఐ3-12100ఎఫ్ గానీ రైజెన్ 5 5600 గానీ తీసుకుని, మిగిలినదంతా కార్డు మీద పెట్టడం మేలు.

"ఏఎం4 బోర్డు పాతది, 2022లో వచ్చిన ఏఎం5 అయితే ముందు ముందు మార్చుకోవచ్చు గదా" అని కొందరు మిత్రులు వాదిస్తారు. నిజమే. ఉద్యోగం చేస్తున్న అన్నలకు మేమూ అదే చెబుతాం. కానీ ఏఎం5కు డీడీఆర్5 మెమరీ తప్పనిసరి. 2025 చివరి నెలల నుండి మెమరీ ధరలు బాగా పెరిగాయి. రేపటి సౌకర్యం కోసం ఈ రోజు అప్పు చేయడం విద్యార్థికి తగదు. ముందు మెమరీ ధర కనుక్కుని, మిగిలే డబ్బును బట్టి ప్రాసెసర్ నిర్ణయించుకోండి.

కొనేటప్పుడు ఒక్కరే పోకండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల పక్కపక్కనే ఎన్నో దుకాణాలుంటాయి. కనీసం నాలుగింటిలో ధర రాసుకోండి. బిల్లు మీద ప్రాసెసర్ పూర్తి నంబరు, చివరి అక్షరంతో సహా రాయించండి. రాయడానికి వెనకాడితే మొహమాటపడకుండా బయటికి వచ్చేయండి. అడగడం తక్కువతనం కాదు. దుకాణంలో ఇంగ్లీషులో మాట్లాడితే మనం తలూపడం అలవాటు చేసుకున్నాం. ఆ తలూపుడుకు మేం 14 వేలు కట్టాం.

పూర్వ విద్యార్థులకు కూడా ఒక మనవి. హాస్టల్‌కు కంప్యూటర్ ఇవ్వాలనుకునే అన్నలు దయచేసి "ఐ5 ఇచ్చాం, ఐ7 ఇచ్చాం" అని కాకుండా నంబరు చూసి ఇవ్వండి. తమ్ముళ్లకు అది ఇంకో నాలుగేళ్లు పనికిరావాలి.

మా పాత ఐ7 ఇప్పటికీ స్టడీ రూములోనే ఉంది. టైపింగుకు పనికొస్తోంది. దాని మీద మేమే ఒక చీటీ అంటించాం: "ఐ7-2600, 2011". కొనబోయే ప్రతి తమ్ముడూ ముందు ఆ చీటీ చదివి, తర్వాత దుకాణానికి బయలుదేరాలని మా కోరిక.