ఐసీయూ బయట మన వంతు

ఇంట్లో పెద్దాయనకు పక్షవాతం వచ్చింది. ఐసీయూలో చేర్చి వెంటిలేటర్ పెట్టారు. నాలుగో రోజు డాక్టర్ బయటికొచ్చి, ‘ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ మొదలైంది. మామూలు మందులకు లొంగట్లేదు’ అంటారు. వెంటనే మన నోట వచ్చే మాట ఒకటే: ‘ఖర్చెంతైనా ఫర్వాలేదు, ఇంకా పవర్‌ఫుల్ మందు ఇవ్వండి.’

ఆ మందు ఉందా అన్నదే ఇప్పుడు ప్రశ్న.

గొంతులో గొట్టం ఉన్న రోగి సరిగా దగ్గలేరు. నోట్లోని స్రావాలు గొట్టం పక్క నుంచి కొద్దికొద్దిగా ఊపిరితిత్తుల్లోకి జారతాయి. గొట్టం లోపల సూక్ష్మజీవులు పొరలా పేరుకుంటాయి. గొట్టం వేసిన 48 గంటల తర్వాత ఇలా వచ్చే న్యుమోనియాకు మన దగ్గర ఎక్కువగా అసినెటోబ్యాక్టర్, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ కారణమవుతున్నాయి. ఐసీఎంఆర్ ఇటీవలి నివేదికల ప్రకారం పెద్దాసుపత్రుల్లో సేకరించిన అసినెటోబ్యాక్టర్ నమూనాల్లో పదింట ఎనిమిదికి పైగా మెరోపెనెమ్ తరహా మందులకే లొంగడం లేదు. ఆపైన మిగిలేవి కొలిస్టిన్ లాంటి కొద్ది మందులే. కొలిస్టిన్‌తో మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. దాన్ని మనుషుల కోసం కాపాడుకోవాలనే పశువులు, కోళ్లు, చేపల పెంపకంలో వాడకాన్ని కేంద్రం 2019లో నిషేధించింది.

కాబట్టి ఇన్‌ఫెక్షన్ రాకుండా చూడటమే అసలు వైద్యం. అందులో మీకూ వంతుంది. డాక్టర్‌ను మర్యాదగా అడగండి: మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉంచుతున్నారా? రోజూ నోరు శుభ్రం చేస్తున్నారా? మత్తు తగ్గించి, వెంటిలేటర్ తీసే వీలుందేమో రోజూ చూస్తున్నారా? కల్చర్ రిపోర్టు వచ్చాక దాన్నిబట్టి మందు మార్చారా? ఇలా అడగడం వైద్యుల్ని తప్పుపట్టడం కాదు. రోగిని చూడ్డానికి వెళ్లేటప్పుడు, వచ్చాక చేతులు శుభ్రం చేసుకోండి. చుట్టాలందరూ లోపలికి వెళ్లాలని పట్టుబట్టకండి. గొట్టాల్ని ముట్టుకోకండి.

ఇక ఇంటి సంగతి. జలుబు చేయగానే మందుల షాపులో అజిత్రోమైసిన్ అడిగి తెచ్చుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. జలుబుకు కారణం వైరస్. యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయలేదు. కానీ మన పేగుల్లోని బ్యాక్టీరియాలో మొండివాటిని మాత్రం మిగులుస్తుంది. రేపు ఆసుపత్రిలో చేరితే అవీ మన వెంటే వస్తాయి.

మందుల స్ట్రిప్ మీద నిలువుగా ఎర్రగీత ఉంటుంది. డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని దాని అర్థం. ఈసారి మందుల డబ్బా తెరిచినప్పుడు ఆ గీత కోసం ఒకసారి చూడండి.