బొమ్మరైలు చక్రం

"పనికిరాదు, అవతల పారెయ్!" ఈ రోజుల్లో మనం అతి తేలికగా అనే మాట ఇది. ఈ మాటతోనే నాకు పేచీ. నా తరపు సాక్షి ఒక బొమ్మరైలు ఇంజను.

ఆత్మకూరులో మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. బిట్రగుంట లోకోషెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఆవిరి ఇంజన్ల కాలంలో బిట్రగుంట అంటే మన జిల్లాకు రైల్వే రాజధాని. కీ ఇస్తే నడిచే హార్న్‌బీ ఇంజనొకటి ఆయన దాచుకున్నారు. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ కంపెనీ 1920 నుండి తయారుచేసిన బొమ్మరైళ్ళ కోవలోది. ఆయన దాన్ని నా చేతికిచ్చేనాటికి రేకూ స్ప్రింగూ బాగానే ఉన్నాయి. చక్రాలు మాత్రం ముట్టుకుంటే సున్నపు పెళ్ళల్లా రాలుతున్నాయి.

ఇది తుప్పు కాదు. ఆ చక్రాలు జింకు మిశ్రమంతో పోతపోసినవి. అందులో రవ్వంత సీసం కలిసినా, లోహపు రేణువుల సందుల్లో ఏళ్ళ తరబడి క్షయం సాగి, చక్రం ఉబ్బి పగిలిపోతుంది. దీనికి మందు లేదు, జిగురు నిలవదు. కొత్త చక్రాలు వెయ్యాల్సిందే.

"పురాతన వస్తువు, ముట్టుకుంటే విలువ పోతుంది. అద్దాల బీరువాలో పెట్టెయ్" అన్నారు మిత్రులు. వారి మాటలో న్యాయం లేకపోలేదు. కొత్త చక్రం తొడిగి పాతదేనని చెబితే అది మోసమే. కాని రాలిన ముక్కలు పొట్లం కట్టి, ఏది ఎప్పుడు మార్చామో కాగితం రాసి పెడితే, చరిత్రా దక్కుతుంది, ఇంజనూ నడుస్తుంది.

"ఇత్తడి కడ్డీ తెచ్చియ్యి అబ్బయా, చేసేద్దాం. కొలత మాత్రం నువ్వే సరిగ్గా చెప్పాల" అన్నాడు లేతు మేస్త్రీ. అసలు చదువు అక్కడే మొదలైంది! ఈ బొమ్మ పట్టాల మధ్య ఎడం 32 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజిది 1676. అసలు రైలులో చక్రం లోపలి అంచు బండిని పట్టా దిగనివ్వదు. పట్టాకు తగిలే ముఖం కొద్దిగా వాలుగా ఉండి, బండిని నడిమికి తెస్తుంది. రెండు సిలిండర్ల ఆవిరి ఇంజనులో రెండువైపుల క్రాంకులకు 90 డిగ్రీల తేడా ఉంటుంది. ఒక పిస్టన్ చివరికి చేరి నెట్టలేని క్షణంలో రెండోది నెడుతుంది. బొమ్మలోనైనా ఇరుసులన్నిటికీ ఆ కోణం ఒక్కటిగా లేకపోతే, చక్రాలను కలిపే కడ్డీలు పట్టేస్తాయి.

మన ఊళ్ళల్లో కమ్మరి ఇనప పట్టాను ఎర్రగా కాల్చి, బండిచక్రానికి తొడిగి నీళ్ళు కొడతాడు. రైలింజను చక్రానికి ఉక్కు టైరును బిగించిందీ ఈ సూత్రంతోనే. మనకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న, ఆయనకు అది బతుకు! చెక్క గరిటెలతో ఉదయగిరికి పేరు తెచ్చిన చేతులకు ఏ డిగ్రీ ఉంది?

ఆ ఫిట్టరు గారు ఇప్పుడు లేరు. ఆవిరి షెడ్డుతోపాటు ఆ తరం చేతిపనీ వెళ్ళిపోతోంది. నేర్చుకోవాలన్నా, కొంతకాలం పోతే నేర్పేవాళ్ళు దొరకరు. 2011-12లో మంజూరైన నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం ఆత్మకూరు మీదుగా తలపెట్టినదే. రైలెక్కి దూరాలు పోవాలని కలలు కనే మనం, దాని చక్రం ఎలా తిరుగుతుందో తెలుసుకోవద్దా?

కాబట్టి విద్యార్థి సంఘానికి నాదొక్కటే మనవి. వార్షికోత్సవపు ఖర్చులో కొంత తగ్గించి, కాలేజీలో ఒక మరమ్మతు గది పెట్టండి. లేబొరేటరీలో మూలపడ్డ పరికరాలను కండెమ్ చేసేముందు ఒక్కసారి అక్కడికి పంపండి. లేతు మేస్త్రీని, కమ్మరిని, వడ్రంగిని గురువులుగా పిలిచి, లెక్చరర్లకిచ్చినట్లే గౌరవమూ పారితోషికమూ ఇవ్వండి. మన లెక్చరర్లు సూత్రం చెబుతారు, వాళ్ళు చెయ్యి తిప్పి చూపిస్తారు. రెండూ కలిస్తేనే చదువు!