చచ్చు కణములతో చికిత్స

రక్తనాళముల లోపలి పొర వట్టి అస్తరు కాదు. అది నైట్రిక్ ఆక్సైడును పుట్టించి నాళమును సడలించును. ఈ రహస్యమును కనుగొన్న మువ్వురికి 1998లో నోబెల్ బహుమానము లభించినది. ఆ పొర చెడెనా, గుండెజబ్బునకు వాకిలి తెఱచినట్లే. దీనికి కెనడా దేశపు వాసోజెన్ సంస్థ విచిత్రమగు ఉపాయము పన్నినది. రోగి రక్తమునే పది మిల్లీలీటర్లు తీసి, వేడిచేతను, అతినీలలోహిత కిరణములచేతను, ఓజోనుచేతను బాధించి, తిరిగి అతని కండలోనికే సూదితో ఎక్కింతురు. అందలి కణములు చావనారంభించును. చచ్చు కణములను మన శరీరము నిత్యమును సద్దుచేయక మ్రింగుచునే యున్నది. మ్రింగిన కణములు వాపు నణచు సంకేతముల నిచ్చును. ఆ శాంతి నాళములకును ప్రాకునని వారి వాదము.

వాద మందముగానే యున్నది. కాని 2,426 మంది హృద్రోగులపై జరిపి, 2008లో లాన్సెట్ పత్రికయందు ప్రకటించిన పరీక్షలో మరణములును ఆస్పత్రి చేరికలును మొత్తముమీద చెప్పదగినంత తగ్గలేదు. మునుపు గుండెపోటు రాని 919 మందిలో మాత్రము నూటికి 26 పాళ్లు తగ్గినవట! పొలమంతయు ఎండగా, గట్టువార పండిన నాలుగు వెన్నులను చూపి శిస్తు లెక్కగట్టు వానిని మన రైతులు నమ్ముదురా? అయినను, ఈ భాగమును ముందుగానే ఏర్పఱచి యుండిరి గావున, తోసివేయుటయు న్యాయము కాదు. ఆ వెన్నులను విత్తి చూడవలసి యుండెను. అది జరుగకయే ఆ సంస్థ 2009లో వేఱొకదానిలో కలిసిపోయినది. ఇక నెవరు దీనిని చేపట్టినను, అట్టి రోగులతోనే ప్రత్యేక పరీక్ష జరుపవలెననియు, అంతవరకు ఈ సూదికి వెల కట్టరాదనియు మేము కోరుచున్నాము.