అన్నం తిన్నాక పదిహేను నిమిషాలు

పోయినేడాది ఫిబ్రవరిలో ఆఫీసు పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చుని ఫోన్‌లో రక్తపరీక్ష ఫలితాలు చూసుకున్నాను. హెచ్‌బీఏ1సీ 6.1. ఇక్కడి డాక్టర్ల లెక్కలో 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, 6.5 నుంచి డయాబెటిస్. నాకప్పుడు ముప్ఫై ఏడేళ్ళు. సిగరెట్ తాగను, చూడ్డానికి సన్నగానే ఉంటాను. అందుకని ఇలాంటివి వేరేవాళ్ళకి వస్తాయనుకునేవాణ్ణి. మన దక్షిణాసియా వాళ్ళకి పెద్దగా లావు కాకుండానే షుగర్ వస్తుంది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి ఆసియా మూలాలున్నవాళ్ళకి బీఎంఐ 25 దాకా ఆగకుండా 23 దగ్గరే పరీక్ష చేయించమంటోంది. ఆ సంగతి ఆ రోజే తెలిసింది.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మీ నాన్నకీ ఇలాగే మొదలైందిరా" అంది. నాన్న ఆఖరి నాలుగేళ్ళు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళొచ్చారు. కాబట్టి ఆ మాటకి మా ఇంట్లో అర్థం వేరు.

భయం వేస్తే మన ఐటీ వాళ్ళం ఏం చేస్తాం? కొంటాం. చేతికి వాచీ కొన్నాను, ట్రెడ్‌మిల్ కొన్నాను, చియా గింజలు కొన్నాను. పదహారు గంటల ఉపవాసం మొదలుపెట్టాను. పొద్దున ఐదుకి అలారం. మూడు వారాలు మా ఆవిడ నన్ను చూసి నవ్వు ఆపుకుంది. నాలుగో వారం ప్రాజెక్ట్ రిలీజ్ వచ్చింది. ఆ తర్వాత ట్రెడ్‌మిల్ మీద తువ్వాళ్ళు ఆరేసుకున్నాం. ఆరంభశూరత్వం అని మనవాళ్ళు ఊరికే పేరు పెట్టలేదు.

మార్చి చివర్లో అమ్మ వచ్చింది, ఆర్నెల్లకి. వచ్చిన రెండోరోజు రాత్రి భోజనాలయ్యాక నేను అలవాటు ప్రకారం సోఫాలో ఒరిగాను. "తిన్న అన్నం మీద అలా కూలబడతావేంట్రా, లే, వీధిలోకి పోయొద్దాం" అంది. ఆవిడకి అది వ్యాయామం కాదు. తెనాలిలో ఉన్నప్పుడూ అంతే, రాత్రి గిన్నెలు సర్దాక వీధి చివర రావిచెట్టు దాకా వెళ్ళి, దార్లో ఇద్దరు ముగ్గురితో మాట్లాడి వచ్చేది. ఇక్కడ రావిచెట్టు లేదు కాబట్టి కమ్యూనిటీలో చెరువు దాకా. పోను ఏడు నిమిషాలు, రాను ఎనిమిది.

మా డాలస్ సబర్బ్‌లో సాయంత్రం పూట ఫుట్‌పాత్‌ల మీద కనిపించేది ఎవరో మీరూ గమనించే ఉంటారు. చీర మీద స్వెటరూ కాళ్ళకి స్నీకర్సూ వేసుకున్న అమ్మలు, చేతులు వెనక్కి కట్టుకున్న నాన్నలు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు నడుస్తుంటారు, ఇళ్ళు కొనుక్కున్న మనం గరాజ్ లోంచి గరాజ్ లోకి కారులో వెళ్తుంటాం.

ఆ పదిహేను నిమిషాల్లో శరీరంలో ఏం జరుగుతుందో తర్వాత చదివాను. కదిలే కండరం రక్తంలోని చక్కెరని తీసుకోవడానికి ఇన్సులిన్ కోసం ఎదురుచూడదు, దానికి వేరే దారి ఉంది. అన్నం తిన్నాక చక్కెర పైకెళ్ళే సమయంలోనే కాళ్ళు కదిలిస్తే ఆ ఎత్తు తగ్గుతుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయని నాలాంటివాడికి ఆ రెండో దారి చాలా విలువైనది. అమ్మకి ఈ జీవరసాయన శాస్త్రం తెలియదు. "తిన్నది అరుగుతుంది" అని మాత్రం తెలుసు.

నా వాచీ మాత్రం రోజూ నిరాశపడేది. పదివేల అడుగులు కావాలి దానికి. ఈ పదివేలు ఎక్కడిదా అని చూస్తే, 1965లో జపాన్‌లో ఒక గడియారాల కంపెనీ అమ్మిన అడుగుల మీటరు పేరు 'మాన్‌పో-కే', అంటే పదివేల అడుగుల మీటరు. ఒక సరుకు పేరు అరవై ఏళ్ళు తిరిగి నా మణికట్టు మీదికి చేరి, నాలుగువేలు నడిచిన రోజున కూడా నన్ను ఓడిపోయినవాణ్ణి చేసింది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకి చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. ఒక విడతకి కనీసం పది నిమిషాలు ఉండాలన్న పాత షరతు కూడా అప్పుడే తీసేసింది. ఏ కొంచెం కదిలినా లెక్కలోకి వస్తుంది.

నాకు బాగా నచ్చిన పరిశోధన ఇంకా పాతది. లండన్‌లో జెరీ మోరిస్ అనే వైద్యుడు డబుల్ డెక్కర్ బస్సుల్లో పనిచేసేవాళ్ళని పరిశీలించి 1953లో లాన్సెట్ పత్రికలో ప్రచురించాడు. రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, టిక్కెట్ల కోసం రోజూ వందల మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకి గుండెజబ్బులు తక్కువ. అదే బస్సు, అదే ఊరు. ఆ కండక్టర్లలో ఎవరూ ఆరోగ్యం కోసం మెట్లెక్కలేదు. పై అంతస్తులో ప్రయాణికులున్నారు కాబట్టి ఎక్కారు. మోరిస్ 99 ఏళ్ళు బతికాడు.

నా అభిప్రాయమంతా ఇక్కడే ఉంది. మనకి లోపించింది సంకల్పబలం కాదు. కండక్టరుకి మెట్లున్నట్టు, అమ్మకి రావిచెట్టున్నట్టు మనకేదీ లేదు. కూరగాయలు ఇంటికొస్తాయి, మీటింగులు కుర్చీలోకొస్తాయి, స్నేహితులు ఫోన్‌లోకొస్తారు. ఆ సౌకర్యాలన్నిటినీ సంకల్పంతో గెలుద్దామని జనవరిలో బయల్దేరి ఫిబ్రవరిలో ఓడిపోయి, మనల్ని మనమే బద్ధకస్తులమని తిట్టుకుంటాం. తిట్టుకోవడం మాని రోజులో ఒకటి రెండు మెట్లు కట్టుకుంటే చాలనిపిస్తుంది.

నేను కట్టుకున్నవి నాలుగు. రాత్రి భోజనానికి నడకని ముడిపెట్టాను. పళ్ళెం కడిగిన చేత్తోనే చెప్పులు. నేను స్క్రీన్ పంచుకోనక్కర్లేని కాల్స్ అన్నీ నిలబడి, ఇంట్లో తిరుగుతూ. మధ్యాహ్నం రెండు దాటాక కాఫీ లేదు. ఒంట్లోకి వెళ్ళిన కెఫీన్‌లో సగం పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి తొమ్మిదికి హైదరాబాద్ టీమ్‌తో కాల్ ఉందని ఏడింటికి కాఫీ తాగి, అర్ధరాత్రి నిద్ర పట్టట్లేదని మళ్ళీ ఫోన్ తీసేవాణ్ణి. నాలుగోది ఆ ఫోనే. దాని ఛార్జర్ ఇప్పుడు వంటింట్లో ఉంటుంది, పడకగదిలో పాతకాలపు అలారం గడియారం. ఇందులో వీరత్వం ఏమీ లేదు. ఛార్జర్‌ని ఒక్కసారి మార్చాను, అంతే. రోజూ మళ్ళీ నిర్ణయించుకోనక్కర్లేదు.

"ఇంత చిన్నవాటితో ఏమవుతుంది, అంతా జీన్స్" అంటాడు నా కొలీగ్ ఒకడు. జీన్స్ నిజమే. కానీ 2002లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, షుగర్ అంచున ఉన్న మూడువేల పైచిలుకు మందిలో, వారానికి 150 నిమిషాల శ్రమ, తిండిలో మార్పు, కొంచెం బరువు తగ్గడం కలిసి డయాబెటిస్ రావడాన్ని 58 శాతం తగ్గించాయి. మెట్‌ఫార్మిన్ మాత్ర 31 శాతం. చెన్నై వాళ్ళు మన దేశంలో చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. అక్కడ జీవనశైలి మార్పుతో తగ్గింది 28.5 శాతమే, మాత్రతో 26.4. మనవాళ్ళకి దక్కేది తక్కువే అయినా, మాత్రకి ఏమాత్రం తీసిపోలేదు. అలాగని ఉన్న మాత్రలు మానేయమని కాదు. వాట్సాప్‌లో వచ్చిన కాకరకాయ రసాన్ని నమ్ముకుని నాన్న రెండేళ్ళు మందులు ఎగ్గొట్టారు. ఆ రెండేళ్ళకి మేమంతా ఏం చెల్లించామో నాకు తెలుసు. నడక మందుకి తోడు, మందుకి బదులు కాదు.

సెప్టెంబర్‌లో అమ్మ వెళ్ళిపోయింది. పదకొండు రోజులు నేను గడప దాటలేదు. ఇదంతా తెలిసి కూడా! నాలుగు మెట్లు కట్టుకున్నానని ఇందాక గొప్పగా చెప్పాను గానీ, మొదటి మెట్టు నిజానికి అమ్మే అని అప్పుడు తెలిసింది. నేను నడిచింది చక్కెర కోసం కాదు. దార్లో అమ్మ చెప్పే పెదనాన్నగారి పొలం తగాదా తర్వాతి భాగం కోసం, నాన్న గురించి ఇంట్లో కూర్చుని అడగలేనివి చీకట్లో పక్కపక్కన నడుస్తూ అడగగలిగినందుకు. మనసు తేలికవడానికి ధ్యానం యాప్‌కి డబ్బు కట్టినవాణ్ణి నేను. ఆ ఆర్నెల్లలో ఒక్కసారీ దాన్ని తెరవలేదని తర్వాత గమనించాను.

పన్నెండోరోజు చెత్తబుట్ట బయట పెడుతుంటే నాలుగిళ్ళ అవతల ఉండే పెద్దాయన ఆగారు. కరీంనగర్ నుంచి కొడుకు దగ్గరికి వచ్చారు, మా నడకలో రోజూ ఎదురయ్యేవారు. "ఏం బిడ్డా, కనవడ్తలేవు? మీ అమ్మ పోయిందా?" అన్నారు. ఒక్క క్షణం గుండె ఝల్లుమంది. ఆయన భాషలో పోవడమంటే వెళ్ళడమే అని గుర్తొచ్చి నవ్వాను. "ఒక్కన్నే తిరగాలంటె కాళ్ళు ఒస్తలేవు" అన్నారాయన. నాకూ అంతే అన్నాను.

ఆ రోజునుంచి ఇద్దరం కలిసి నడుస్తున్నాం. ఆయనకి పగలంతా తెలుగు మాట్లాడే మనిషి ఉండరు, కొడుకూ కోడలూ ఆఫీసుల్లో. నాకు మాటలు చాలానే ఉంటాయి గానీ అన్నీ టికెట్లూ డెడ్‌లైన్లే. డిసెంబర్‌లో మళ్ళీ పరీక్ష చేయించాను. 5.8. ఇంకా గీతకి ఇవతలే ఉన్నాను, నాన్న దారి నాకు పూర్తిగా తప్పిందని చెప్పలేను. కానీ నా నలభైల్లో ఏం జరగాలో నేనూ కొంచెం నిర్ణయించగలనని మొదటిసారి అనిపించింది.

మీరేమీ కొనొద్దు. మీ వీధిలో నడుస్తున్న అమ్మో నాన్నో ఎవరున్నారో ఇవాళ రాత్రి చూడండి. ఎనిమిదింబావు అవుతోంది, ఆయన మలుపు దగ్గర నిలబడి ఉంటారు. వెళ్ళాలి.